కూర మానేస్తే విషం పోదు

"కూరగాయలు తినేది మానేసినా సార్. అన్నీ మందు కొట్టినవే కదా!"

కోయిలకుంట్లలో షుగరు రోగులు నాతో పదేపదే అనే మాట ఇది. మరి ఏం తింటున్నావమ్మా అంటే అన్నం, చారు, ఊరగాయ. షుగరు 300 దాటుతుంది, బీపీ దిగదు, మలబద్ధకం వదలదు. కూరలో ఉందో లేదో తెలియని విషానికి భయపడి, రోజూ ఒంటిని తినేసే జబ్బుకు మేత వేస్తున్నారు. కోపమొస్తుంది. ఆ వెంటనే జాలీ వేస్తుంది, ఆ భయం ఒట్టిది కాదు గనక.

2020 డిసెంబరులో ఏలూరులో ఏం జరిగిందో చూశాం. మూర్ఛలతో, స్పృహ తప్పి, వందల మంది ఆసుపత్రికి చేరారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని నిపుణులు ప్రభుత్వానికి చెప్పారు. జనం పడిపోయాకే నీళ్లూ కూరగాయలూ ప్రయోగశాలకు వెళ్లాయి. నా బాధంతా అదే. పరీక్ష ముందు జరగాలి.

ఆ పరీక్ష మనకు చేతకానిదేమీ కాదు. టమాటాను మెత్తగా రుబ్బి, ద్రావకంలో కలిపి, గిర్రున తిప్పి, తేరిన ద్రవాన్ని క్రొమటోగ్రఫీ యంత్రంలో పెడితే ఏ మందు ఎంత ఉందో తేలుతుంది. ప్రత్యేకంగా హద్దు పెట్టని మందుకు మన ఆహార భద్రతా సంస్థ విధించిన పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే పది కోట్లలో ఒక వంతు. అంత సూక్ష్మంగా కొలవగలిగిన దేశంలో సంతలో బుట్ట పట్టుకున్న ఆడమనిషికి ఆ ఫలితం ఎందుకు అందదు? అందకపోబట్టే ఆమె అన్నిటినీ అనుమానిస్తోంది.

ఇక అసలు ముప్పు ఎవరికో వినండి. చేనికి మందు కొట్టి నేరుగా నా దగ్గరికి వచ్చిన రైతుకు ఒళ్లంతా చెమట, నోట చొంగ, కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. "ఎండదెబ్బ సార్" అన్నాడు. తడిసిన చొక్కా ఒంటిమీదే ఉంది. ఆర్గానోఫాస్ఫేటు మందులు నరాల సంకేతాన్ని ఆపే ఎంజైమును కట్టేస్తాయి. కండరాలూ గ్రంథులూ ఆగకుండా పనిచేసి చివరికి ఊపిరి ఆగుతుంది. చొక్కా విప్పించి, ఒళ్లు కడిగించి, అట్రోపిన్ ఎక్కించాం. బతికాడు. మాస్కు ఏదయ్యా అంటే తలొంచుకున్నాడు. ఇంట్లో భార్య వంకాయను ముట్టదట!

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకాన్ని 2005లోనే నిషేధించారు. అయినా దుకాణదారు ఏదిస్తే అది కొట్టే రైతులు ఇంకా ఉన్నారు. అన్నా, డబ్బా మీద ఏ పంటకో రాసి ఉంటుంది, కొట్టాక ఎన్నాళ్లకు కోయాలో రాసి ఉంటుంది. చదువు రాకపోతే పిల్లలతో చదివించుకో. గడువు లోపల కోసిన కాయ నీ ఊరి బిడ్డ పళ్లెంలోకే వస్తుంది.

అమ్మా, నువ్వు కూర మానొద్దు. ధారగా పారే నీళ్లలో రుద్ది కడుగు. పైనున్న మందు చాలావరకు పోతుంది. లోపలికి ఇంకింది కడిగినా పోదు, దాన్ని ఆపాల్సింది చేనూ, అంగడీ, ప్రభుత్వమూ. పత్తికొండ టమాటా మార్కెట్టు లాంటి చోట్ల నమూనాలు తీసి, ఫలితాలు అక్కడే తెలుగులో బోర్డు మీద రాయమని మనమందరం అడగాలి. అది వచ్చేలోపు కూడా రోజుకు 400 గ్రాముల కూరగాయలూ పండ్లూ నీ ఒంటికి అవసరమే.