డిజిటల్ ఎక్స్‌రేని ఎందుకు నమ్మాలి?

సూరత్‌లో మేముండే లింబాయత్ వైపు తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ పద్మశాలీలు. నేను డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి, చదివింది బి.కాం. అయినా బ్యాంకు కాగితమైనా ఆసుపత్రి కాగితమైనా “సారూ, ఇదేందో జర చూడుండ్రి” అని నా దగ్గరికే తెస్తారు. ఎక్స్‌రే రిపోర్టులు తెచ్చినప్పుడు మూడు మాటలు వింటుంటాను. డిజిటల్ ఎక్స్‌రేలో రేడియేషన్ ఉండదట. కంప్యూటర్ తీసింది గనక తప్పు పోదట. కంప్యూటర్లో ఏమైనా మార్చొచ్చు గనక అసలు నమ్మకూడదట.

మొదటి రెండూ తప్పు. మూడోది మంచి అనుమానం, దానికి జవాబు చెప్పాలి.

1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన కిరణాలే ఇప్పటికీ వాడుతున్నాం. మారింది కిరణం కాదు, దాన్ని పట్టుకునే పలక. ఫిల్ము స్థానంలో 1990ల చివర్లో ఫ్లాట్ ప్యానెల్ డిటెక్టర్లు మార్కెట్లోకొచ్చాయి. ఎక్కువగా వాడే రకంలో పైన సీజియం అయోడైడ్ పొర ఉంటుంది. ఒంట్లోంచి దూసుకొచ్చిన ఎక్స్‌రే దాన్ని తాకితే వెలుగు పుడుతుంది. కింద ఉన్న అమార్ఫస్ సిలికాన్ పొర ఆ వెలుగును విద్యుదావేశంగా మారుస్తుంది. ఒక్కో గడిలో పోగైన ఆవేశాన్ని సన్నటి ట్రాన్సిస్టర్ల ద్వారా వరసవరసగా చదివి అంకెలుగా రాస్తారు. 43 సెంటీమీటర్ల చదరపు పలకలో ఒక్కో గడి సుమారు 0.14 మిల్లీమీటర్లు. అంటే 90 లక్షలకు పైగా గడులు. మనం చూసేది ఫోటో కాదు, ఓ పెద్ద లెక్కల పుస్తకం!

ఇక లెక్కలవాడిగా నాకు నచ్చిన సంగతి. ఏ పలకా పుట్టుకతో నిక్కచ్చిగా ఉండదు. కిరణం పడకపోయినా కొన్ని గడులు ఏదో అంకె చూపిస్తాయి. అందుకని చీకట్లో ఓసారి చదివి ఆ అంకెను తీసేస్తారు. ఒకే మోతాదు పడ్డా ఒక గడి ఎక్కువ, ఒకటి తక్కువ చెబుతుంది. అడ్డం ఏమీ లేకుండా కిరణం వేసి చూసి దాన్ని సరిచేస్తారు. కొన్ని గడులు చచ్చిపోయి ఉంటాయి. వాటి జాబితా రాసిపెట్టుకుని, చుట్టుపక్కల గడుల విలువలను బట్టి పూరిస్తారు.

“అంటే దొంగలెక్కే కదా?” అంటారేమో. కాదు. దొంగలెక్కలో దిద్దుబాటును దాస్తారు. ఇక్కడ ప్రతి దిద్దుబాటుకూ కారణం ఉంది, పద్ధతి ఉంది, మళ్ళీ చేసి చూసుకునే వీలుంది. ఓచరున్న దిద్దుబాటుకు ఏ ఆడిటరూ అభ్యంతరం పెట్టడు.

దీని పక్కన “ఆరా ఫోటో” పెట్టి చూడండి. సోవియట్ యూనియన్లో కిర్లియన్ 1939లో మొదలుపెట్టిన ఫోటోల్లో వేలి చుట్టూ కనిపించే కాంతి ఆత్మశక్తి కాదు, అధిక వోల్టేజి వల్ల గాలిలో జరిగే విద్యుత్ విసర్జన. వేలికి చెమట ఎక్కువైనా తక్కువైనా బొమ్మ మారిపోతుంది. ఆరా పేరుతో వ్యాపారం చేసేవాళ్ళని “మీ యంత్రానికి తప్పుల జాబితా ఉందా?” అని అడగండి. ఉండదు. తన తప్పులు తాను రాసుకునేది విజ్ఞానం. తప్పే లేదనేది మంత్రం.

డిజిటల్ ఎక్స్‌రేని కూడా మంత్రం చెయ్యకూడదు. ఛాతీ ఎక్స్‌రేకి మోతాదు సుమారు 0.02 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి మనకు మూడు రోజుల్లో వచ్చేదాంతో సమానం. భయపడక్కర్లేదు, కానీ సున్నా కాదు. పైగా ఫిల్ముకి మోతాదు ఎక్కువైతే నల్లబడి తప్పు బయటపడేది. డిజిటల్లో సాఫ్ట్‌వేర్ వెలుగు సరిచేసేస్తుంది గనక ఎక్కువ వేసినా బొమ్మ ఇంకా బావుంటుంది. ఎవరికీ తెలీదు! ఇందుకే పలకకు ఎంత మోతాదు అందిందో చూపే సూచికకు 2008లో అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. మన దేశంలో ఎక్స్‌రే యంత్రానికి అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు ఉండాలి. ఉందా అని అడగడం మన హక్కు.

ఇదంతా తీరికలేని మేధావి చర్చ కాదు. మా వీధిలో మగ్గం నడిపే నలభయ్యేళ్ళ మనిషి రెండు నెలలు దగ్గుతూ మెడలో తాయెత్తు కట్టించుకు తిరిగాడు. “దూది దుమ్మే సారూ” అనేవాడు. ఆ తాయెత్తు తీయమని నేను వాదించలేదు, అది ఉంచుకునే ఎక్స్‌రేకి రమ్మన్నాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనిపించింది. ఆ నీడ కూడా తీర్పు కాదు. దుమ్మా, పాత మచ్చా, క్షయా అన్నది తేల్చాల్సింది కఫం పరీక్ష. పరీక్షలో క్షయ అని తేలింది. ప్రభుత్వ మందులు ఉచితంగా ఆరునెలలు వాడాడు. పోషణకు నెలకిచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలైంది, అదీ అందింది. ఇంట్లో ఇద్దరు పిల్లలకీ పరీక్షలు చేయించారు. వాళ్ళకి లేదు.

తాయెత్తు కట్టినాయన మాత్రం తన వల్లే తగ్గిందని ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వండి. కానీ ఆ రెండు నెలల్లో అదే గదిలో పిల్లలు పీల్చిన గాలికి ఆయన దగ్గర ఏ లెక్కుంది?