మా ట్రాక్టర్‌కి దుప్పటి

మా ఇంటికి మొదటిసారి వచ్చేవాళ్ళకి గుర్తు చెప్పాల్సివస్తే "వేపచెట్టు కింద పెద్ద తెల్లమూట కనపడుతుంది, ఆ ఇల్లే" అంటాం. ఆ మూట మా ట్రాక్టర్. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మామయ్యగారు 2001లో కొన్న ఎర్ర మాస్సీ అది. ఇంట్లో అందరికంటే ఎక్కువ చాకిరీ చేసేదీ, ఇంటి చూరు కింద చోటు లేనిదీ అదొక్కటే.

మొదట్నుంచీ ఇలా లేదు. నేను కాపురానికి వచ్చినప్పుడు పశువుల కొట్టంలో గేదెల పక్కనే దానికీ చోటుండేది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు కొట్టం ఉన్న స్థలం మా మరిదికి వెళ్ళింది, బండి మాకొచ్చింది. మరిది అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. అందులో ఎవరి తప్పూ లేదు. రేకుల షెడ్డు వేయిద్దామని ప్రతి సంక్రాంతికీ అనుకుంటాం, జూన్ రాగానే పిల్లల ఫీజులు కట్టి ఊరుకుంటాం.

బండి సంగతి నాకెందుకులే అనుకునేదాన్ని. కానీ రోజంతా ఇంటి దగ్గరుండి దాన్ని చూసేది నేనే. రెండు ఎండాకాలాలు గడిచేసరికి సీటు పగిలి, స్పాంజి బయటికొచ్చింది. వాన వెలిసిన మూడోరోజు కూర్చున్నా కింద తడే. మా ఆయన ప్యాంట్లు ఉతికే నాకే తెలుసు ఆ సంగతి! స్టీరింగు చేతికి జిగటగా అంటుకునేది. మీటరు అద్దం పసుపచ్చబడి అంకెలు కనపడటం మానేశాయి. టైర్ల పక్కల సన్నటి బీటలు. పైగా వేపచెట్టు మీద కాకులు.

అప్పుడు నీలం బరకం కొన్నాం. గాలికి ఎగరకుండా చుట్టూ నేలదాకా లాగి, ఇటుకలు పెట్టి బిగించేశాం. ఎంత జాగ్రత్తగా కప్పామో అని మురిసిపోయాం కూడా. శ్రావణమాసం ముసురు వారం రోజులు పట్టింది. వెలిశాక విప్పి చూస్తే, అన్నం గిన్నె మీద మూత తీసినట్టు లోపలంతా చెమ్మ కారుతోంది. పైనుంచి చుక్క పడకపోయినా నేలలోంచి లేచిన తడి ఎటూ పోయే దారిలేక బోల్టులన్నీ తుప్పు పట్టించింది. దానికితోడు చీకటిగా, వెచ్చగా ఉందని ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరికేశాయి. వైర్లు మార్చిన మెకానిక్ "అమ్మా, బండికి ఊపిరాడాలి, ఇలా మూటగట్టకూడదు" అన్నాడు. ఆ బరకం కూడా రెండో ఎండాకాలానికి మడతల దగ్గర పిండిపిండిగా రాలిపోయింది.

ఆ తర్వాత మా ఆయన పాత ఫ్లెక్సీలు తెచ్చారు. పెద్ద హోర్డింగులు దించేసిన తర్వాత వాటిని పాత సామాను కింద అమ్మేస్తుంటారు. ఎండావానల్లో నిలబడటానికే చేసిన గుడ్డ కదా, మధ్యలో పాలిస్టర్ అల్లిక ఉండి రెండువైపులా పీవీసీ పూత ఉంటుంది. ఒక్కటి చాలదు. రెండు పక్కపక్కన పెట్టి, అంచులు మడిచి, గోతాలు కుట్టే దబ్బనంతో నైలాన్ దారం వేసి నేనే కుట్టాను. కుట్టు బండి నడినెత్తికి రాకుండా పక్కకి వాలేలా చూసుకోవాలి, లేకపోతే నీళ్ళు సరిగ్గా అక్కడే దిగుతాయి. తాడు కట్టడానికి ఫ్లెక్సీకి చిల్లులు పెట్టొద్దు, అక్కడినుంచే చిరగడం మొదలవుతుంది. మూలలో గులకరాయి పెట్టి, చుట్టూ గుడ్డ దగ్గరకి తీసి, ఆ మెడకి తాడు ముడేస్తే ఎంత గాలికైనా ఊడదు. తాడు బదులు పాత ట్యూబు పీలికలైతే ఇంకా మంచిది, గాలికి సాగుతాయి.

అంతా బాగానే ఉంది కానీ మొదటిసారి కప్పినరోజు ఊళ్ళో ఒకటే సందడి. ఆ ఫ్లెక్సీ మీద ఒక నాయకుడు రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. "ఏంటి వదినా, మీ ట్రాక్టర్ కూడా పార్టీ మారిందా" అని వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. ఎన్నికల కాలంలో అది నవ్వులాటగా ఆగదు. సాయంత్రానికల్లా తిరగేసి బొమ్మ లోపలికి, తెల్లవైపు బయటికి పెట్టేశాం. దాంతో ఇంకో లాభం వచ్చింది. తెలుపు మీద పడ్డ ఎండ వెనక్కి పోయి, లోపల సీటు ముందంత కాలడం లేదు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇదీ. పొలం నుంచి రాగానే కప్పకూడదు, సైలెన్సర్ వేడికి ఫ్లెక్సీ కరిగి అతుక్కుపోతుంది. భోజనాలయ్యాక కప్పాలి. సైలెన్సర్ మూతికి ముందు పాలపొడి డబ్బా బోర్లించాలి. నేలకి జానెడు పైనే ఆపి గాలి ఆడనివ్వాలి. వానలు తగ్గి ఎండ కాసినరోజు విప్పి ఆరబెట్టాలి. చాలారోజులు పని లేకపోతే బ్యాటరీ వైరు తీసేయాలి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. 2022 వేసవిలో మామయ్యగారు పోయారు. పెద్దకర్మకి మరిది ఫ్లెక్సీ వేయించాడు. పదడుగులకి ఎనిమిది. తెల్లచొక్కాలో మామయ్యగారు, కింద "అశ్రునివాళి". కార్యక్రమం అయ్యాక దాన్నేం చేయాలో ఎవరికీ తోచలేదు. పారేయడానికి చేతులు రావు. తగలబెడదామంటే, అది మామూలు గుడ్డ కాదు, పీవీసీ కాలితే విషపు పొగ. చుట్టచుట్టి అటక మీద పెట్టాం. ఒకసారి మా ఆయన నోరుజారి "నాన్న ఫ్లెక్సీ అయితే బండికి సరిపోను" అన్నారు. అత్తయ్యగారు రెండురోజులు కొడుకుతో మాట్లాడలేదు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వచ్చింది. బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను అంటే మా నెత్తిమీద నుంచి వెళ్ళినట్టే. మిషన్‌తో కోయించిన ధాన్యం రోడ్డు పక్కన రాశి పోసి ఉంది. నాలుగో తేదీ సాయంత్రానికి గాలి మొదలైంది. ఇంట్లో ఉన్న బరకాలన్నీ తీసుకెళ్ళినా చాలక, బండి మీది ఫ్లెక్సీ కూడా విప్పి రాశి మీద కప్పాం. ధాన్యం ముందు, బండి తర్వాత. వేపచెట్టు కింద ట్రాక్టర్ బోసిగా నిలబడిపోయింది.

మేం తడిసి ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు వరండాలో నిలబడి ఉన్నారు. కాళ్ళ దగ్గర ఆ చుట్ట. పక్కింటి కుర్రాడితో అటక మీంచి దింపించారట.

"కప్పు" అన్నారు కొడుకుతో.

మా ఆయన కదల్లేదు. "వద్దులే అమ్మా, ఒక్క రాత్రికి ఏం కాదు" అన్నారు.

"ఒరే, చినుకు పడితే దాన్ని వదిలి భోజనానికి కూడా వచ్చేవాడు కాదు మీ నాన్న. ఆయన అటక మీద పడుకుని, అది వానలో తడవాలా?"

టార్చిలైటు వెలుగులో ముగ్గురం కలిసి కప్పాం. నేను అలవాటుగా తెల్లవైపు పైకి తిప్పాను. అత్తయ్యగారు మూల పట్టుకుని "అవును, మొహం లోపలికే ఉండనీ. తడవకుండా ఉంటాడు" అన్నారు. బానెట్ నుంచి సీటు దాకా సరిపోయింది. టైర్లు బయటే ఉండిపోయాయి.

తుఫాను వెళ్ళిపోయింది. ధాన్యం అడుగు వరస కొంత తడిసి రంగు మారింది, మిగతాది దక్కింది. బండి మాత్రం మొదటి సెల్ఫ్‌కే స్టార్టయింది.

ఆ ఫ్లెక్సీ మళ్ళీ అటకెక్కలేదు. పెద్ద కవరు కింద సీటు మీదా స్టీరింగు మీదా లోపలి దుప్పటిలా ఉంటోంది. పొద్దున మా ఆయన విప్పుతుంటే అత్తయ్యగారు కాఫీ గ్లాసుతో వరండాలో కూర్చుని "మెల్లగా తియ్యరా" అంటారు. బండి గురించో, ఆయన గురించో మేం అడగం.

ఈ సంక్రాంతికి కూడా షెడ్డు మాట వచ్చింది. అత్తయ్యగారు విని "వేయించండి, మంచిదే. షెడ్డు వచ్చింది కదా అని ఆయన్ని మళ్ళీ అటక మీదకి మాత్రం పంపకండి" అన్నారు.