పిలిస్తే పలికే మోటారు

కడప నుంచి తిరుపతి రోడ్డు పట్టుకుని పాతిక కిలోమీటర్లు వెళ్తే కోదండరామాలయం గోపురం కనిపిస్తుంది. అదే ఒంటిమిట్ట. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో కొలువైన ఏకశిలానగరం. గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. 1652లో ఇటుగా వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఈ గుడిని చూసి మెచ్చుకున్నాడు. రాష్ట్ర విభజన తర్వాత, 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తరఫున సీతారాముల కల్యాణం ఇక్కడే జరుగుతోంది. అదీ అన్నిచోట్లలా మధ్యాహ్నం కాదు... రాత్రిపూట, నిండు వెన్నెల్లో!

గుడి దగ్గర ఓ బావి ఉంది. ఇమాంబేగ్ బావి అంటారు. నవాబుల కాలంలో అధికారిగా వచ్చిన ఇమాంబేగ్ ‘మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా?’ అని భక్తుల్ని అడిగాడట. మనసారా పిలిస్తే పలుకుతాడన్నారు వాళ్లు. ఆయన మూడుసార్లు పిలిచాడట. లోపల్నుంచి ‘ఓ’ అని బదులొచ్చిందట. ఆ సంతోషంతో స్వామి కోసం బావి తవ్వించాడని ఊళ్లో చెబుతారు. వానలు ముఖం చాటేసే సీమలో అంతకన్నా పెద్ద కానుక ఏముంటుంది!

గుడి దాటి చేల గట్లవైపు నడిస్తే, పిలిస్తే పలికేది ఈ కాలంలో ఇంకొకటి కూడా ఉంది. బోరు మోటారు. రైతు ఇంటి అరుగు మీద కూర్చుని సెల్‌ఫోన్‌లో ఓ నంబరు నొక్కుతాడు. ఎక్కడో రెండు కిలోమీటర్ల అవతల, చెట్టు కింది ఇనుప డబ్బాలో ‘టక్’ మంటుంది. నీళ్లు పైకొస్తాయి. కడప జిల్లాలోనే కాదు, రాయలసీమంతటా ఇప్పుడిది మామూలు సంగతి. కానీ ఆ ‘టక్’ వెనక టంకం వాసన ఉంది, కాలిన వేళ్లున్నాయి, కొన్ని కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఉన్నాయి.

రాత్రి కరెంటు కథ

2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రం మీదే. పథకం మంచిదే, చిక్కంతా వేళల్లో. త్రీఫేజు కరెంటు ఊళ్లవారీగా, విడతలవారీగా వచ్చేది... కొంత పగలు, కొంత రాత్రి. అర్ధరాత్రి రెండింటికి వచ్చిందనుకోండి, టార్చిలైటు పట్టుకుని చేనుకి పరుగెత్తాల్సిందే. తీరా వెళ్లి మోటారు వేస్తే పావుగంటకి కరెంటు పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. గట్టు మీద పాము, తడినేలలో తెగిపడ్డ తీగ... రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లి ఇల్లు చేరని రైతుల వార్తలు జిల్లా పేజీల్లో ఎన్ని చదవలేదు! 2019 తర్వాత పగటిపూటే తొమ్మిది గంటలు ఇవ్వడం ప్రభుత్వ విధానమైంది. అయినా చేను ఇంటికి దూరమే కదా.

అందుకే, పట్నం పిల్లాడు సరదాకి రంగురంగుల లైట్లు వెలిగించే సర్క్యూట్ చేస్తుంటే, సీమ పల్లెలో అదే ఈడు కుర్రాడి కళ్లు స్టార్టర్ డబ్బా మీదుంటాయి. ఇంట్లో ఓ మూల బల్ల, పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్, టంకం తీగ, మల్టీమీటర్, ఊడదీసిన పాత టీవీ బోర్డులు... ఇంతే సరంజామా. సామాను కావాలంటే పైవాళ్లు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్తారు. ఈ ప్రాంతానికి మాత్రం చెన్నై దగ్గర. రైలెక్కి దిగితే మౌంట్‌రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్. అడుగు తీసి అడుగు వేయలేని ఆ సందుల్లో రెసిస్టర్లు వందల లెక్కన కట్టి ఇస్తారు.

ఈ బల్ల కొత్తదేం కాదు. దాని మీద మొదట చోటు దొరికింది రేడియోకి. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. మీడియం వేవ్‌లో 900 కిలోహెర్ట్జ్, అంటే సుమారు 333 మీటర్లు. అంత దగ్గర్లో అంత బలమైన స్టేషన్ ఉంటే బ్యాటరీ కూడా అక్కర్లేని రేడియో పనిచేస్తుంది. అట్టగొట్టం మీద చుట్టిన రాగితీగ, ఓ గ్యాంగ్ కండెన్సర్, ఓఏ79 డయోడ్, చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్. చెట్టు మీదికి ఓ తీగ, తడినేలలోకి ఓ తీగ. గాల్లో వచ్చిన తరంగమే దానికి తిండి! పాత తరం రేడియో మెకానిక్కుల్లో ఈ దారిన వచ్చినవాళ్లు చాలామంది.

రెండు స్వరాల తాళంచెవి

అదే 1963లో, నవంబరులో, అమెరికాలో మీటల ఫోన్ మార్కెట్లోకి వచ్చింది. మన మోటారు కథకి మూలం అక్కడుంది. ఫోన్‌లో మీట నొక్కితే వినిపించే ‘బీప్’ ఒక్క శబ్దం కాదు, రెండు శబ్దాల కలయిక. 1 నొక్కితే 697, 1209 హెర్ట్జ్. 5 నొక్కితే 770, 1336. నాదస్వరంలో శ్రుతీ స్వరమూ కలిసినట్టు ఏ మీటకి ఆ జంట. మనిషి గొంతులో గానీ గాలిహోరులో గానీ సరిగ్గా అదే జంట అంతసేపు నిలబడటం అరుదు. కాబట్టి పొరపాటున మోటారు తిరగదు.

చేలో డబ్బాలో ఓ పాత సెల్‌ఫోన్ పెట్టి, కాల్ వస్తే తనంతట తానే ఎత్తేలా అమరుస్తారు. దాని ఇయర్‌ఫోన్ తీగ ఎంటీ8870 అనే ఐసీకి వెళ్తుంది. ఏ మీట నొక్కారో ఆ ఐసీ గుర్తుపట్టి నాలుగు కాళ్ల మీద చెబుతుంది. దాంతో ఓ ట్రాన్సిస్టర్, దాంతో ఓ రిలే, రిలేతో స్టార్టర్‌లోని కాంటాక్టర్. 5 నొక్కితే ఆన్, 0 నొక్కితే ఆఫ్. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఎన్నో బృందాలు చేసిన ప్రాజెక్టే ఇది. తేడా ఏంటంటే కాలేజీలో మార్కులు పడ్డాక అది అటక ఎక్కుతుంది, చేలో అయితే రాత్రికి నిద్రనిస్తుంది.

దీన్ని సరుకుగా మార్చి దేశమంతా తిప్పిన మనిషి పుణెకి చెందిన ఇంజినీరు సంతోష్ ఓస్త్వాల్. మోటారు వేయడానికి వాళ్ల తాత ముసలితనంలో చేనుదాకా పడుతూ లేస్తూ నడవడం చూసి ఈ పని మొదలుపెట్టాడు. ఆయన ‘నానో గణేశ్’ పరికరం కరెంటు ఉందో లేదో కూడా ఫోన్‌లోనే శబ్దంతో చెబుతుంది. 2009లో నోకియా ప్రపంచస్థాయిలో పెట్టిన ఆవిష్కరణల పోటీలో అది బహుమతి గెలిచింది. ఇప్పుడు సిమ్ కార్డు వేసుకునే రెడీమేడ్ బోర్డులు పట్నాల్లో సులువుగా దొరుకుతున్నాయి. అయినా చెడిపోతే బాగుచేయాల్సింది మళ్లీ ఊళ్లోని బల్ల మీదే!

అందరూ ఒకేసారి పలికితే...

ఫోన్ కన్నా ముందు వచ్చింది, ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఆటో స్టార్టర్. కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసేస్తుంది. రైతుకి సుఖం. విద్యుత్తు సిబ్బందికి మాత్రం గుండెదడ. ఎందుకో లెక్క చూడండి. అయిదు హెచ్‌పీ మోటారు తిరుగుతున్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. నేరుగా స్టార్టయ్యే క్షణంలో దానికి ఆరు రెట్లు, అంటే 45 దాకా. ఊరి బయట 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది 84 ఆంపియర్లే. దానికింద పది మోటార్లుంటే తిరుగుతున్నప్పుడు 75, సరిపోతుంది. కానీ కరెంటు రాగానే పదీ ఒక్కసారి లేస్తే? 450! ఫ్యూజు పోతే అదృష్టం. ఫ్యూజు చోట లావుపాటి తీగ చుట్టి ఉంటే ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. అది బాగై వచ్చేలోపు ఎండలో అరటి, బొప్పాయి ఏమవుతాయో రైతుకి చెప్పక్కర్లేదు.

సిబ్బంది ఆటో స్టార్టర్లు తీసేయమంటారు. తీసేస్తే రైతు మళ్లీ రాత్రి నడవాలి. ఇద్దరి మాటా నిజమే. ఈ తగువు తీర్చే వస్తువు ఖరీదు ఓ కప్పు టీకి మించదు... 555 టైమర్ ఐసీ. హాన్స్ కామెంజిండ్ 1971లో రూపొందించిన ఈ ఎనిమిది కాళ్ల చిప్‌తో తలకాయ దువ్వని హాబీయిస్టు ఉండడు. కరెంటు వచ్చాక ఎంతసేపు ఆగాలన్నది ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ తేలుస్తాయి. రెండిటినీ గుణించి 1.1తో హెచ్చవేస్తే సెకన్లు. కెపాసిటర్ 100 మైక్రోఫారడ్ అనుకుంటే, 220 కిలోఓమ్‌లకి 24 సెకన్లు, 470కి 52, ఒక మెగాఓమ్‌కి 110. పక్కపక్క చేలవాళ్లు తలో విలువ రెసిస్టర్ వేసుకుంటే మోటార్లు వరసలో ఒకదాని తర్వాత ఒకటి లేస్తాయి. చౌకరకం కెపాసిటర్లు లెక్క ప్రకారం ఎప్పుడూ నడవవు, పది సెకన్లు అటూ ఇటూ అవుతాయి. ఇక్కడ ఆ లోపం కూడా మేలే చేస్తుంది! పది ఇళ్లవాళ్లు కూర్చుని ఎవరిది ముందు, ఎవరిది వెనక అని ఒప్పుకోవడమే ఐసీ దొరకడం కన్నా కష్టం.

ఒక హెచ్చరిక మాత్రం పెద్దక్షరాల్లో చెప్పాలి. బల్ల మీది ప్రయోగం 12 ఓల్టుల దాకానే. రిలేకి అవతలివైపు ఉన్నది 415 ఓల్టులు. రిలే పని ఆ రెండు లోకాల్నీ ముట్టుకోకుండా కలపడం. అవతలి సగం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతుల మీదుగానే జరగాలి. డబ్బాకి, మోటారుకి ఎర్తింగ్ ఉండాలి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఆపేసే ప్రివెంటర్ లేకుండా ఫోన్ స్టార్టర్ పెట్టారో, ఇంట్లో కూర్చుని ఫోన్‌తో సొంత మోటారుకి నిప్పంటించినట్టే. ఉచిత విద్యుత్తుకి 2005లో పెట్టిన షరతుల్లో కెపాసిటర్, ఐఎస్ఐ మోటారు, ఫుట్‌వాల్వు, మంచి పైపు ఉన్నాయి. బిగించిన కెపాసిటర్‌కి కూడా కరెంటు తీసేశాక కాసేపు కాటువేసే గుణం ఉంటుందని మరవొద్దు.

మరి పిల్లలు ఏం చేయాలి? వాళ్లకీ నీళ్ల పనే ఉంది. ఇంటిమీది ట్యాంకు నిండితే కూతపెట్టే బజరు. బీసీ547 ట్రాన్సిస్టర్, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ, చిన్న బజరు, రెండు రెసిస్టర్లు. బ్యాటరీ ప్లస్ నుంచి ఒక తీగ ట్యాంకు అడుక్కి, ట్రాన్సిస్టర్ బేస్ నుంచి రెసిస్టర్ మీదుగా ఇంకో తీగ అంచుకి. నీళ్లు పైతీగని తాకగానే వాటిగుండా కాస్తంత కరెంటు పారి ట్రాన్సిస్టర్‌ని లేపుతుంది. సీమ బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి ఇంకా చురుగ్గా లేస్తుంది. చిక్కల్లా కొన్నాళ్లకి రాగితీగ పచ్చబడి తినేసుకుపోవడమే. దానికి విరుగుడు స్టీలు. అందుకని వంటింట్లో రెండు చెంచాలు తగ్గితే ముందు ట్యాంకు మూత తీసి చూడండి.