నీడ వద్దు బాబూ... ఎండ చాలు!

అవుట్‌డోర్ షూటింగ్ జరుగుతోందంటే చాలు, మన కుర్రకారు కళ్లన్నీ ఒకే చోట ఉంటాయి. కారవాన్ తలుపు దగ్గర! ఆ తలుపెప్పుడు తెరుచుకుంటుందా, హీరోగారెప్పుడు దిగుతారా అని గోడలెక్కి, చెట్లెక్కి కాచుక్కూర్చుంటారు. అక్కడికి కాస్త దూరంలో, ఏ వేపచెట్టు చాటునో, ఇంకో బండి గంటల తరబడి రొద పెడుతూ ఉంటుంది. దానివైపు ఒక్కడూ చూడడు. అది జనరేటర్ వ్యాను. కారవాన్‌లో ఏసీ చల్లగా ఉందన్నా, హీరోయిన్ మొహం మీద లైటు వెలిగిందన్నా అంతా దాని పుణ్యమే!

మా బావ ఆ బండి మనిషి. మా పెద్దక్క భర్త. ఇరవై ఏళ్లకి పైగా అవుట్‌డోర్ యూనిట్ల వెంట జనరేటర్‌తో తిరిగాడు. ఎన్ని సినిమాలకి వెలుగిచ్చాడో ఆయనకే గుర్తు లేదు. ఇప్పుడొస్తున్న సైలెంట్ జనరేటర్లు కావు లెండి... పక్కన నిలబడి అరిచినా పలకని పాత డీజిల్ ఇంజన్లు. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి ఉంటే చెవికి ముప్పేనంటారు డాక్టర్లు. లోపలి చెవిలో ధ్వనిని పట్టుకునే సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవట. మా బావ ఎడమ చెవి అలాగే పోయింది. కుడి చెవి కొంత మిగిలింది. అంచేత ఉద్యోగం మానేసి ఖమ్మం వచ్చేశాడు.

వచ్చి ఊరుకున్నాడా? ఓ రోజు పొద్దున్నే ఫోను.

"బావమరిదీ, ట్రైలర్ ఒకటి చూసొచ్చినయ్యా. బ్రహ్మాండంగా ఉంది."

"ఏ సినిమాది బావా?" అన్నాను. సినిమా పత్రికలకి రాసుకు బతికేవాడిని, ఇంకేం అడుగుతాను!

"సినిమాది కాదయ్యా! జీపు వెనక కట్టి లాగేది!"

అదీ సంగతి. పన్నెండడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, రెండు చక్రాలు. లోపల ఇద్దరు పడుకోవచ్చు, ఓ మూల వంట చేసుకోవచ్చు. మా బావ కోరిక మాత్రం వేరు. భద్రాచలం అడవి అంచు ఊళ్లకి వెళ్లి తెర కట్టి బొమ్మ వెయ్యాలి. జనరేటర్ మోత ఒక్క చుక్క కూడా ఉండకూడదు. అంటే, బండి నెత్తిన సోలార్ ప్యానెళ్లు!

టూరింగ్ టాకీసులు మనకి కొత్త కాదు. కోయంబత్తూరుకి చెందిన సామికన్ను విన్సెంట్ 1905లోనే ఊరూరా తిరిగి డేరాలో బొమ్మలు చూపించాడు. తెలుగు సినిమాకి పితామహుడని మనం చెప్పుకునే రఘుపతి వెంకయ్యగారు కూడా మొదట అలా బర్మా, సింహళం దాకా తిరిగి బొమ్మలు ఆడించినవారే. ఆ తర్వాతి రోజుల్లో డేరా ఎక్కడుంటే దాని వెనక ఇంజను అక్కడుండేది. తెర మీద హీరో రహస్యం చెబుతుంటే వెనక నుంచి డబడబడబ...

ఇక సోలార్ కథకొస్తే, అమెరికాలో బెల్ ల్యాబ్స్ వాళ్లు 1954 ఏప్రిల్ 25న సిలికాన్ సౌరఘటాన్ని లోకానికి చూపించారు. ఆ రోజు దాంతో తిప్పింది ఒక చిన్న జెయింట్ వీల్ బొమ్మని. మీద పడ్డ ఎండలో నూటికి ఆరు పాళ్లు కరెంటుగా మారితే అదే గొప్ప అనుకున్నారు. ఇప్పటి ప్యానెళ్లలో అది ఇరవై పాళ్లు దాటింది. తిరునాళ్లలో తిరిగే చక్రంతో మొదలైన సరుకు, తిరునాళ్లలా జనం చేరే సినిమాకి పనికి రాకుండా పోతుందా?

మా బావ ముందు ప్యానెళ్లు కొనలేదు. ముందు లెక్క కట్టాడు. ప్రొజెక్టరుకి 300 వాట్లు, సౌండుకి 150, లైట్లు ఫ్యాన్లకి 100. మూడు గంటల ఆటకి 1650 వాట్ అవర్లు. ఇన్వర్టర్ తినేది కలుపుకుంటే 1850. అంటే రెండు యూనిట్లకి కొంచెం తక్కువ. దానికి 24 వోల్టుల వర్గం లిథియం బ్యాటరీ, 100 ఆంపియర్ అవర్లది. నిండితే 2560 వాట్ అవర్లు. అందులో అయిదో వంతు ముట్టకూడదని ఆయన నియమం. ప్యానెళ్లు 335 వాట్లవి రెండు. మంచి ఎండ రోజున అన్ని నష్టాలూ పోను రెండు యూనిట్లు చేతికొస్తాయి.

"ఒక రోజు ఎండ, ఒక ఆట. అంతే!" అన్నాడు.

12 వోల్టుల బ్యాటరీ పెట్టచ్చుగా అంటే నవ్వాడు. అదే వాటేజీకి వోల్టులు సగమైతే ఆంపియర్లు రెట్టింపు. వైరు లావైపోతుంది, వేడెక్కుతుంది. అందుకే 24. రెండు ప్యానెళ్లనీ సిరీస్‌లో కాక పేరలల్‌గా కలిపాడు, చెట్ల నీడ ఒకదాని మీద పడ్డా రెండోది తన పని తాను చేసుకోవాలని. వాటి నుంచి వచ్చే 38 వోల్టులు తిన్నగా బ్యాటరీలోకి పోకూడదు. మధ్యలో ఎం.పి.పి.టి. చార్జ్ కంట్రోలర్ ఉంటుంది. ఎక్కువైన వోల్టుల్ని ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి సరిపడా అందిస్తుంది. హీరోకీ నిర్మాతకీ మధ్య డైరెక్టర్ లాంటిదన్నమాట!

నెత్తి మీద ప్యానెళ్లు బిగించడం ఒక రోజు పని. రెండూ కలిపి 45 కిలోల దాకా ఉంటాయి. కప్పుకీ ప్యానెల్‌కీ మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాడు, గాలి ఆడాలని. ఎండ కావాలి గానీ వేడి పనికిరాదు. మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకి కాలిందంటే కరెంటు నూటికి పద్నాలుగు పాళ్ల దాకా పడిపోతుంది. బోల్టు దిగిన ప్రతి చిల్లుకీ వాన దిగకుండా సీలెంట్. బ్యాటరీని ఇరుసుకి కాస్త ముందు పెట్టాడు. బండి బరువులో పదో వంతైనా కొక్కెం మీద ఉండాలి, లేకపోతే రోడ్డు మీద తోక ఊపుతుంది.

ఆ తర్వాత వైరింగ్. ఇక్కడే మా బావ మాట కటువైంది.

"ప్యానెల్ మీద దుప్పటి కప్పవయ్యా ముందు. వెలుగు తగిలితే చాలు, దానికి ప్రాణం ఉన్నట్టే. స్విచ్చి వేసేదాకా ఆగదు."

కంట్రోలర్‌కి మొదట బ్యాటరీ కలపాలి, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, ఆఖర్న బ్యాటరీ. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే ఫ్యూజ్. ఫ్యూజ్ కాపాడేది టీవీనో ప్రొజెక్టరునో కాదు, వైరుని. వైరు కాలితే చెక్కబండి మొత్తం కాలుతుంది. కొసలు చేత్తో మెలేసి టేపు చుట్టడం కుదరదు, లగ్గులు వేసి ప్రెస్ చెయ్యాల్సిందే. అడవి రోడ్డు కుదుపులకి వదులైన మెలిక దగ్గరే నిప్పు పుడుతుంది.

ఆ నిప్పు సంగతి సినిమావాళ్లకి బాగా తెలుసు. పాత ప్రొజెక్టర్లలో రెండు కార్బన్ కడ్డీల మధ్య డీసీ కరెంటు ఆర్క్ మండితేనే తెర మీద బొమ్మ పడేది. ఆపరేటర్ దాన్ని కంటికి రెప్పలా కాచుకునేవాడు. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి మెరుపు తానే ఆరిపోతుంది. డీసీకి ఆ దయ లేదు. ఒకసారి ఆర్క్ అంటుకుంటే అలా మండుతూనే ఉంటుంది. అందుకే స్విచ్చులూ బ్రేకర్లూ డీసీకని తయారైనవే వాడాలి. ఒకప్పుడు మనకి బొమ్మ చూపించిన మంటే, చోటు మారితే మన కొంప ముంచుతుంది!

ఫిబ్రవరిలో బయల్దేరాం. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, గోదావరి వంతెన, భద్రాచలం. బొగ్గు గనుల పక్క నుంచి, పాల్వంచ థర్మల్ స్టేషన్ పొగ గొట్టాల పక్క నుంచి మా బండి నెత్తిన అద్దాలు పెట్టుకుని పోతుంటే నాకే నవ్వొచ్చింది. ఆ మాటకొస్తే సింగరేణి వాళ్లే ఇల్లందులో, మణుగూరులో సోలార్ ప్లాంట్లు పెట్టారు. మనం నవ్వడమెందుకు!

దుమ్ముగూడెం దాటి, అడవి అంచున ఒక కోయ పల్లె. వెయ్యబోయే బొమ్మ 'అందాల రాముడు'. హక్కులున్న వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. 1973లో బాపుగారు తీసిన ఆ సినిమా కథంతా గోదావరి మీద, భద్రాచలం పోయే లాంచీలో. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' కూడా అదే దారి పట్టింది కదా.

మేం దిగగానే ఊరి పటేల్ ఎదురొచ్చాడు. ఊళ్లోకెల్లా పెద్ద చింతచెట్టు చూపించాడు.

"బండి నీడకి పెట్టుకోండి సారూ. ఎండల మాడిపోతది."

పల్లెటూళ్లో అతిథికి ఇచ్చే మొదటి మర్యాద అది. కాదంటే ఎలా? మా బావ ఆయన చెయ్యి పట్టుకుని కుడి చెవి ఇటు తిప్పి, "నీడ మాకియ్యి తాతా, బండికి మాత్రం ఎండ కావాలె" అన్నాడు. పటేల్‌కి నమ్మకం కుదరలేదు. అప్పుడు బావ ఓ చింత రెమ్మ తుంచి ప్యానెల్ మీద అడ్డం పెట్టి మీటరు చూపించాడు. ప్యానెల్‌లో గడులన్నీ గొలుసులా కలిసి ఉంటాయి. ఒక్క గడి నీడలో పడితే ఆ వరసంతా మూగబోతుంది, పైపు ఒక చోట నొక్కితే నీళ్లాగినట్టు. మీటర్లో అంకె జారడం చూసి పటేల్ నోరు తెరిచాడు. తానే పిల్లల్ని పిలిచి బండిని కల్లం మధ్యకి తోయించాడు.

సాయంత్రానికి బ్యాటరీ నూటికి నూరు. చీకటి పడింది. బొమ్మ పడింది. తెర మీద గోదావరి కనపడగానే జనంలో ఒక్కసారి కలకలం. ఆ నీళ్లు వాళ్లకి కొత్త కాదు. తెర మీద కొత్త!

ఇంజన్ లేదు కదా, కీచురాళ్ల శబ్దం కూడా వినపడుతోంది. మా బావ కుడి చెవి స్పీకరు వైపు పెట్టి చాప మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఆయన ఇంజను పక్కన్నే ఉండాలి, డీజిల్ చూడాలి, వేడి చూడాలి. తానిచ్చిన కరెంటుతో ఆడే బొమ్మని జనంతో కలిసి చూడడం అదే మొదటిసారి. సినిమా సగంలో నా భుజం తట్టాడు.

"మాటలు వినపడుతున్నయ్‌రా" అన్నాడు. అంతే. మళ్లీ తెర వైపు తిరిగిపోయాడు.

ఆట అయ్యేసరికి మీటర్లో 28. పిల్లలు లేవరే! "ఇంకో ఆట! ఇంకో ఆట!" నేను కూడా బావ వైపు ఆశగా చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత వేళ్ల మీద ఏదో లెక్కపెట్టి, "పావుగంట. మొదటి నుంచి పావుగంట. దానికి మించి లేదు" అన్నాడు. మళ్లీ లాంచీ కదిలింది, మళ్లీ పిల్లల చప్పట్లు. సరిగ్గా పావుగంటకి తెర నల్లబడింది. మీటర్లో 22. ఎవరూ గొడవ చెయ్యలేదు. ఎండ ఎంతుందో పగలంతా వాళ్లూ చూశారు మరి!

తెల్లవారి నేను లేచేసరికి ట్రైలర్ కప్పు మీద ఎవరో పాకుతున్న చప్పుడు. బయటికొచ్చి చూస్తే పదేళ్ల కుర్రాడు, తడిగుడ్డతో ప్యానెళ్ల మీది దుమ్ము తుడుస్తున్నాడు. చింతచెట్టు కింద కూర్చుని మా బావ చాయ్ తాగుతూ, ఎక్కడ తుడవాలో చేత్తో చూపిస్తున్నాడు.