అతిథి అడిగిన పచ్చిక

'అతిథి' అన్న మాటకు మా గురువులు చెప్పిన వ్యుత్పత్తి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి. అలా వచ్చినవాడికి ఉన్నంతలో పెట్టడం గృహస్థధర్మం. అంతర్జాతీయ క్రీడోత్సవాల దగ్గరకు వచ్చేసరికి ఈ అర్థం తలక్రిందులవుతుంది. అక్కడ అతిథి తిథివారాలు ముందే నిర్ణయించుకొంటాడు. ఇల్లంతా పరీక్షిస్తాడు. విస్తరి ఎంత వెడల్పుండాలో కూడా చెప్పి, తృప్తి కలిగితేనే గడప తొక్కుతాడు. 'ఆతిథ్య నగరం' అన్న మాట పత్రికలలో కనబడినప్పుడల్లా నాకీ వైపరీత్యమే స్ఫురిస్తుంది.

2017 అక్టోబరులో పదిహేడేళ్ళలోపు బాలుర ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు మన దేశంలో జరిగాయి. ఫిఫా వారి పోటీకి భారతదేశం వేదిక కావడం అదే ప్రథమం. 24 జట్లు, 52 ఆటలు. ఢిల్లీ, కోల్‌కతా, గువాహటి, కొచ్చి, మడ్‌గావ్, నవీ ముంబై – ఈ ఆరూ ఎంపికయ్యాయి. అప్పటికి నేనింకా హైదరాబాదులో పాఠాలు చెబుతూనే ఉన్నాను. తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు లేచి, "మన ఊరెందుకు లేదు సార్?" అని అడిగాడు. సంధి విడదీసినంత సులువుగా బదులు చెప్పగల ప్రశ్న కాదది.

అది నా మనసును తాకడానికి కారణముంది. భారత జట్టును 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకానికీ నడిపిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడే. బడిలో పాఠాలు చెప్పిన పంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఒక ఉపాధ్యాయుడు దేశానికి ఆట నేర్పిన ఊరికి, ఆ పట్టికలో చోటు లేకపోవడమా అని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ అతిథి అడిగేవి వేరు. మైదానంలో పచ్చిక ఎలాంటిది? వాన కురిస్తే నీరు ఎంతసేపట్లో ఇంకిపోతుంది? దీపాల వెలుగు చాలినంత ఉన్నదా? ప్రధాన మైదానం కాక సాధనకు వేరే మైదానాలున్నాయా? బస ఎక్కడ? విమానాశ్రయం ఎంత దూరం? ఇవీ ప్రశ్నలు. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో కృత్రిమ పచ్చికను పెకలించి సహజమైన గడ్డి పెంచారు. ఒకప్పుడు లక్షమందికి పైగా పట్టిన ఆ స్టేడియంలో విడివిడి కుర్చీలు వేయగా, ఆ పోటీలనాటికి సుమారు 66 వేలమందికే చోటు మిగిలింది. కొచ్చిలో స్టేడియం ఆవరణలోని దుకాణాలను పోటీల కాలమంతా ఖాళీ చేయించారు. గువాహటి సంగతి మరీ జాలి. బ్రెజిల్, ఇంగ్లండు జట్ల సెమీఫైనల్ అక్కడ జరగవలసింది. వానలకు మైదానం పాడయిందని, ఆటకు రెండు రోజుల ముందు దానిని కోల్‌కతాకు మార్చివేశారు. విస్తరి వేశాక అతిథి పక్కింటికి వెళ్ళిపోయినట్లయింది.

ఆ గృహస్థు బాధ మనకు కొత్త కాదు. 2008 ఆగస్టులో ఎ.ఎఫ్.సి. ఛాలెంజ్ కప్పు ఆటలు మన లాల్ బహాదుర్ స్టేడియంలో జరిగాయి. వానలకు నేల చిత్తడయింది. అంతిమ పోటీ ఢిల్లీకి తరలిపోయింది. తజికిస్తాన్‌పై మనవాళ్ళు 4-1తో గెలిచి కప్పు ఎత్తిన సంబరం హైదరాబాదు కళ్ళపడలేదు.

పచ్చికకు చరిత్ర తెలియదు. రహీం గారి పేరు చెప్పినంత మాత్రాన అది మొలవదు. ఇది అన్యాయమని నేననను. ఆతిథ్యం పూర్వపుణ్యానికి ఫలం కాదు. నేడు ఇల్లు ఎలా ఉన్నదన్నదే లెక్క. 2022లో పదిహేడేళ్ళలోపు బాలికల పోటీలకు భువనేశ్వర్, మడ్‌గావ్, నవీ ముంబై మాత్రమే ఎంపికయ్యాయి. అప్పుడూ మన తెలుగు నగరం ఒక్కటీ లేదు.

నన్ను కలచివేసిన విషయం మరొకటున్నది. 2024లో మన వంతు వచ్చింది. 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి స్టేడియంలో సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగాయి. ఆ ఫైనల్‌కు నేనూ వెళ్ళాను. ఆడినవి బెంగాల్, కేరళ జట్లు. చివరి క్షణాలలో పడిన ఒకే గోలుతో బెంగాల్ గెలిచింది. ఆట అద్భుతంగా ఉంది, చప్పట్లు కొట్టాను. కానీ ఆతిథ్యం మనది, ఆట వారిది అన్న మాట మనసులో మెదలుతూనే ఉంది.

నేను పనిచేసిన మూడు బడులలో రెండింట ఆటస్థలాన్ని గదులు మింగివేశాయి. డ్రిల్లు పీరియడు గణితానికి ధారాదత్తమయింది. అతిథి కోసం పెంచిన గడ్డి మీద, అతడు వెళ్ళిన మర్నాడు ఇంటి పిల్లలను అడుగుపెట్టనిస్తామా? ఏ నగరాన్ని ఎంచినా, ఆ ఎంపిక విలువ ఈ ప్రశ్న మీదనే ఆధారపడి ఉంటుందని నా నమ్మకం. అనుమతిస్తే అది ఆతిథ్యం. తాళం వేస్తే అది పెళ్ళివారికి అద్దెకిచ్చిన సత్రం.

మీ ఊళ్ళో పిల్లలు బంతి తన్నుకొనే మైదానం ఒక్కటైనా మిగిలి ఉందా? ఉంటే వ్రాయండి, సంతోషిస్తాను.