నేను కూర్చున్న కుర్చీ



ఈ వారం కీర్తనల ధ్యానం కొనసాగించాలనుకున్నాను. అది పక్కన పెట్టి ఒక బండి కొనడానికి వెళ్లిన సంగతి రాస్తున్నాను. బండి నాది కాదు.

మన సంఘంలో పీతల వ్యాపారం చేసుకునే సహోదరుడు ఒకాయన ఉన్నాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. నాగాయలంక దిగువన ఏటిగట్ల వెంట తెల్లవారుజామునే తిరిగి, వలలు లాగేవాళ్ల దగ్గర మండపీతలు కొంటాడు. తాళ్లతో కట్టి, తడి గోనెల్లో వేసుకుని, ఎండ ముదరకముందే పెద్ద కొనుగోలుదారుల దగ్గరికి చేర్చాలి. దారిలో చచ్చిన పీతకు ధర లేదు. ఇన్నాళ్లూ ఆ పని చేసిన పాత మోపెడ్ మొన్న వానాకాలంలో చేతులెత్తేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారని టీవీలో విన్నాడు. చిట్టీ పాడిన డబ్బూ, ఇంటావిడ డ్వాక్రా డబ్బూ కలిపి దసరా వెళ్లాక నా దగ్గరికి వచ్చాడు.

"స్ప్లెండర్ తీసుకుందామనుకుంటున్నానయ్యగారూ. నాకు చదువు రాదుగా. కాగితాలు చూసి చెబుదురుగాని, ఒక్కసారి తోడు రండి" అన్నాడు.

బస్సులో పులిగడ్డ అక్విడెక్టు దాటి, మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు వెళ్లాం. నేను అలవాటు ప్రకారం గంజి పెట్టిన తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని చేతిలో బ్యాగు పట్టుకున్నాను. ఆయన ఉన్నవాటిలో మంచి చొక్కా తొడిగాడు గానీ, పొద్దున్నే ఒక విడత సరుకు దించి అట్నుంచటే వచ్చాడు. లుంగీ అంచున బురద ఎండి ఉంది. డబ్బు అన్నం క్యారేజీ సంచిలో, ప్లాస్టిక్ కవరు చుట్టి ఉంది.

షోరూము ముందు ఆగి, "చెప్పులు ఇక్కడ విడవాలాండి?" అని అడిగాడు. అక్కర్లేదన్నాను. లోపల నేల అద్దంలా మెరుస్తోంది. అది చూసి విడిచేశాడు.

సేల్స్ అబ్బాయికి పాతికేళ్ల లోపే ఉంటాయి. మెడలో ట్యాగు వేసుకున్నాడు. నాకు ఎదురొచ్చి, "రండి సార్, కూర్చోండి సార్, బండి మీకేనా సార్?" అన్నాడు. కాదు, ఈయనకి అన్నాను. అప్పుడు ఆయన వైపు తిరిగాడు. మొహం చూడలేదు, కాళ్లు చూశాడు. అంతే, ఆ తర్వాత అడగాల్సినవన్నీ నన్నే అడిగాడు.

"ఏ మోడల్ కావాలంట సార్?"

"ఫైనాన్సేగా సార్?"

"నగదేనయ్యా" అన్నాడు మనాయన. ఆ అబ్బాయికి వినబడలేదో, విని నమ్మలేదో తెలియదు. "సిబిల్ లేకపోతే లోను కష్టం సార్. వీళ్లకి ఎక్సెల్ అయితే సరిపోద్ది, అది చూడమనండి" అన్నాడు నాతోనే. ఇంతలో కారు దిగి ఒక కుటుంబం లోపలికి వచ్చింది, కాలేజీ కుర్రాడికి పెద్ద బండి కోసం. ఇతను అటు వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నాకు టీ పంపించాడు. ఒక్క కప్పు.

నేను కూర్చున్నాను. టీ తాగాను. ఆయన నిలబడి ఉన్నాడు. కాసేపటికి స్ప్లెండర్ దగ్గరికి వెళ్లి సీటు మీద చెయ్యి వేశాడు. ఎవరో కౌంటర్‌లో నుంచి, "ముట్టుకోమాక, గీతలు పడతాయ్" అన్నారు. చెయ్యి తీసి లుంగీకి తుడుచుకున్నాడు. నలభై నిమిషాలున్నాం అక్కడ. ఆయన పేరేంటని ఒక్కరూ అడగలేదు.

యాకోబు పత్రిక రెండో అధ్యాయం మీకు తెలుసు. బంగారు ఉంగరం పెట్టుకుని మెరిసే బట్టలతో వచ్చినవాడిని మంచి చోట కూర్చోబెట్టి, మురికి బట్టల పేదవాడిని నిలబడమనో, కాళ్ల దగ్గర కూర్చోమనో చెప్పడం గురించి ఆయన రాశాడు. అక్కడ పక్షపాతం అని మనం చదివే మాటకు గ్రీకులో మొహాన్ని చూసి మనిషిని స్వీకరించడం అని అర్థం. బందరులో మొహం దాకా కూడా వెళ్లలేదు. ఆ అధ్యాయం మీద నేను పదిసార్లయినా ప్రసంగించి ఉంటాను. ఎప్పుడు చెప్పినా కుర్చీ చూపించినవాడి తప్పే చెప్పాను. కుర్చీలో కూర్చున్నవాడిని యాకోబు ఏమీ అనలేదు, నేనూ ఆ మనిషి గురించి ఎన్నడూ ఆలోచించలేదు. టీ సగం అయ్యాక గుర్తొచ్చింది నాకు, ఆ తెల్లబట్టలవాడిని నేనేనని. గుర్తొచ్చాక కూడా లేవలేదు. లేస్తే ఆ అబ్బాయి చిన్నబోతాడేమో అని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను.

ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు. మన సంఘపు కుర్రాడొకడు విజయవాడలో అలాంటి చోటే రెండేళ్లు పనిచేశాడు. వాడు చెప్పిన సంగతులు వింటే జాలేస్తుంది. నెలకు ఇన్ని బండ్లని టార్గెట్ ఉంటుంది. లోపలికి వచ్చినవాళ్లలో కొనేది కొందరే. సాయంత్రమయ్యేసరికి మేనేజరు లెక్క అడుగుతాడు. అందుకని సీనియర్లు ముందే నేర్పిస్తారంట: చేతిలో ఏ తాళాలున్నాయో చూడు, ఫోను చూడు, చెప్పులు చూడు, అర నిమిషంలో తేల్చుకో అని. వచ్చినవాళ్లను హాట్, వార్మ్, కోల్డ్ అని రాసుకుంటారు. (ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘం గురించి చదివిన మనకు ఈ లెక్క కొత్తేమీ కాదు.) అప్పు మీద కొనేవాడైతే ఫైనాన్స్ కంపెనీ నుంచి షోరూముకు కొంత ముడుతుంది. కాబట్టి నగదు తెచ్చినవాడు మనం అనుకున్నంత ముద్దు కాదు. ఆ అబ్బాయికి జీతం తక్కువ, ఒత్తిడి ఎక్కువ. వాడి ఇంటికి వెళ్లి చూస్తే వాళ్ల నాన్న కాళ్లకూ బురద ఉంటుందేమో.

2022 జనవరిలో కర్ణాటకలోని తుమకూరులో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పికప్ బండి కొనడానికి వెళ్లిన ఒక రైతును, జేబులో పది రూపాయలైనా ఉండవని సేల్స్‌మన్ ఎగతాళి చేశాడు. ఆయన గంటలోపే పది లక్షలు తెప్పించి ముందు పెట్టాడు. దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ ఆ వార్తను మన వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద వాక్యం కూడా రాశాను. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఒకటి మింగుడుపడటం లేదు. ఆ రైతుకు మర్యాద దక్కింది పది లక్షలు తెచ్చి చూపించినందుకే కదా. తేలేకపోయి ఉంటే ఆ సేల్స్‌మన్ అన్నది సరైపోయేదా? మనాయన సంచిలో నోట్ల కట్టలున్నాయి కాబట్టి ఆ అబ్బాయి మోసపోయాడని కథ చెప్పడం తేలిక. సంచిలో అన్నం క్యారేజీ ఒక్కటే ఉండి, బండి చూసి పోదామని వచ్చినా, ఆయనకు ఒక కుర్చీ ఇవ్వాల్సిందే.

బయటికొచ్చాం. "మా తోడల్లుడు గుడివాడలో మెకానిక్కండి, అక్కడ చూద్దాం" అన్నాడు. నోబుల్ కాలేజీ పేరున్న ఊరు ఇది. బస్సు కోసం చూస్తూ నిలబడితే ఆ దొరలే మనసులో మెదిలారు. 1841లో ఫాక్స్ గారు, నోబుల్ గారు కలిసి బందరు వచ్చారు. ఫాక్స్ గారు ఊళ్ల వెంట తిరిగి సువార్త చెప్పి 1848లోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. నోబుల్ గారు 1843లో బడి పెట్టి, 1865లో కన్నుమూసేదాకా దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఆ బడి మొదట పై కులాల పిల్లలను ఉద్దేశించి పెట్టింది. పైవాళ్లు మారితే అది కిందికి దిగుతుందని ఆనాటి లెక్క. ఆయన త్యాగం ముందు నేను ధూళిని, ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. అయినా ఈ డెల్టాలో సంఘాలను నింపింది మన మాలపల్లెలూ మాదిగపల్లెలూ. భక్తుడైన మనిషి కూడా గుమ్మంలోకి ఎవరు ముందు రావాలో లెక్కేసుకున్నాడు. సమూయేలు అంతటి ప్రవక్త ఎలీయాబు ఎత్తు చూసి పొరబడ్డాడు. ఇక నేనెంత?

బస్సులో పెడన దాటాక అన్నాను, "తమ్ముడూ, నువ్వు నిలబడి ఉంటే నేను కూర్చున్నాను. తప్పయింది" అని.

ఆయన నవ్వాడు. "భలేవారే, మీరు కూర్చుంటే తప్పేంటండి. ఆ కుర్రోడు చూసుకోలేదు, అంతే. నేను పీత కొనేటప్పుడు పైకి చూసి కొననండి. పైకి అన్నీ పెద్దగానే ఉంటాయి. బొటనవేలితో నొక్కితే లోపల కండుందో నీళ్లున్నాయో తెలిసిపోద్ది. ఆడు నొక్కి చూడలేదు."

తర్వాత కిటికీలోంచి చేలవైపు చూస్తూ, మామూలుగానే అన్నాడు: "మన మందిరంలోనూ అంతేగాండి."

ఏంటని అడిగాను. చెప్పడానికి మొహమాటపడ్డాడు. బలవంతపెడితే చెప్పాడు. రెండేళ్ల కిందట మన కూటాలకు విజయవాడ నుంచి సేవకులు వచ్చిన రోజు ఆయన ముందు వరుసలో చాప మీద కూర్చున్నాడంట. నేను వెళ్లి, "తమ్ముడూ, గుమ్మం దగ్గర కూర్చో, గాలి బాగా వస్తుంది" అన్నానంట. ఆ వేళ కూడా సరుకు దించి నేరుగా వచ్చాడు. గాలి ఎవరికోసమో ఆయనకు అర్థమైంది. అప్పటినుంచి గుమ్మం దగ్గరే.

నాకు ఆ మాట అన్నట్టే జ్ఞాపకం లేదు. అన్నాననడానికి సందేహమూ లేదు, ఆ మాట తీరు నాదే. పీతల పని మీద తొందరగా వెళ్లాలని గుమ్మం దగ్గర కూర్చుంటాడని నేను రెండేళ్లుగా అనుకుంటున్నాను. పదిమందితో చెప్పాను కూడా, పాపం ఎంత కష్టజీవో చూడండి అని. గుడ్లవల్లేరు, గుడివాడ వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

గుడివాడలో కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి ఉంది. "కూర్చోండి బాబాయ్, బండి ఎవరికి?" అని ఆయన్నే అడిగింది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, వెనక ఏం వేస్తారు, ఎంత బరువు, మట్టిరోడ్డా తారురోడ్డా అని అడిగి రాసుకుంది. ఆయన గోనెల సంగతి చెబితే ముక్కు మూసుకోలేదు. కొటేషన్ మీద ఆయన పేరు పక్కన 'గారు' అని రాసింది. అలాగని దేవదూత అనుకోకండి. సీటు కవరూ, అదనపు వారంటీ, ఇంకా ఏవేవో అంటగట్టడానికి గట్టిగానే ప్రయత్నించింది. ఆయన కూడా పీతల బేరంలో ఆరితేరినవాడు, సీటు కవరు దగ్గర ఆపాడు.

బండి కొనబోయేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఎక్స్-షోరూము ధర, లైఫ్ ట్యాక్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను విడివిడిగా రాయించుకోండి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి, కాబట్టి ఆ మొత్తం చూసి కంగారుపడకండి. ఇన్సూరెన్సు వాళ్ల దగ్గరే చేయించాలని లేదు. బండితోపాటు హెల్మెట్ ఇవ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, అడిగి తీసుకోండి. హ్యాండ్లింగ్ చార్జీలని ఏదైనా కనబడితే అదెందుకని అడగండి. చదువు రానివాళ్లు మొహమాటపడకుండా నన్ను పిలవండి, వస్తాను. ఈసారి టీ ఇద్దరికీ వస్తేనే తాగుతాను.

సంచిలోంచి కట్టలు తీసి లెక్కపెట్టేటప్పుడు ఆ అమ్మాయి ఆశ్చర్యపోలేదు. అది నాకు బాగా నచ్చింది.

ఆదివారం ఇంటావిడను వెనక కూర్చోబెట్టుకుని కొత్తబండి మీద మందిరానికి వచ్చారు. నిమ్మకాయలూ కొబ్బరికాయలూ మనకు లేవు గనుక ప్రార్థన చేయమన్నాడు. హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. అప్పటికే రెండో వరుసలో ఒక కుర్చీ వేయించి పెట్టాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లబోతే, "వద్దయ్యగారూ, ఇక్కడైతే బండి కనబడుద్ది" అని గుమ్మం దగ్గరే చాప పరుచుకున్నాడు.

అది నిజమో, నన్ను కాపాడటానికి అన్నాడో అడగలేకపోయాను. ప్రసంగం చెబుతున్నంతసేపూ నా చూపు గుమ్మం వైపే పోయింది. ఆయన బండి వంక చూసుకుంటూ, మధ్యమధ్యలో ఆమెన్ అంటూ కూర్చున్నాడు. రెండో వరుసలో కుర్చీ ఖాళీగానే ఉంది.