యూనిట్ కరెంటు మూడొందల రూపాయలు

సంతల్లో జ్యూస్ అమ్ముదామని పాత వ్యాన్ కొన్నప్పుడు కరెంటు సంగతి ఆఖర్న ఆలోచించాం. కొయ్యూరు చుట్టుపక్కల సంతలన్నీ ఆరుబయలే. మిక్సీ తిరగాలి, ఫ్రీజర్ నడవాలి, రాత్రి ముందుగా వెళ్లి వ్యాన్‌లోనే పడుకుంటే ఓ బల్బు వెలగాలి. "చిన్నది కొంటే రేపు మళ్లీ పెద్దది కొనాలి బావా" అన్నాడు మా బావమరిది. ఆ మాట విని నర్సీపట్నంలో సెకండ్‌హ్యాండ్ ఐదు కేవీఏ పెట్రోలు జనరేటరు 40,000కి తెచ్చాను. మా ఆవిడ గొలుసు బ్యాంకులో పెట్టాం. వడ్డీ నెలకి 300. ఆ 300 గురించే దిగులుపడేవాణ్ని. అసలు చిల్లు వేరే చోట ఉందని తెలీదు.

2024 మే 7. అల్లూరి సీతారామరాజును మా కొయ్యూరులో కాల్చి చంపి వందేళ్లు నిండిన రోజు. ఎండ మండిపోతోంది, గిరాకీ బాగుంది. జనరేటరు మాత్రం పది నిమిషాలకోసారి ఆగిపోతోంది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "గురువుగారూ, మిషన్ వాలులో పెట్టారేటి?" అన్నాడు. ఆయిల్ ఓ పక్కకి ఒరిగితే, ఆయిల్ తక్కువైందనుకుని మిషన్ తనంతట తానే ఆగిపోతుందట. మా ఏజెన్సీలో చదును నేల ఎక్కడుంది? నాలుగు రాళ్లు, ఓ చెక్కముక్క అప్పట్నుంచి వ్యాన్‌లోనే ఉంటాయి.

ఆ రాత్రి నోటుబుక్కు తీశాను. సంతకి ఆరు గంటలు, ఏడు లీటర్లు. లీటరు 110 చొప్పున 770 రూపాయలు. మరి మేం వాడిందెంత? ఫ్రీజర్ 150 వాట్లు. మిక్సీ 750 అయినా గంటకి పది నిమిషాలే. బల్బులు, జనం పెట్టుకునే సెల్‌ఫోన్లు అన్నీ కలిపినా ఆరు గంటలకి రెండున్నర యూనిట్లు దాటవు. అంటే యూనిట్ మూడొందలు! ఇంట్లో పది రూపాయలు కూడా పడదు. అంత పెద్ద ఇంజను లోడున్నా లేకున్నా ఒకటే వేగంతో తిరగాలి, తాగేది తాగుతూనే ఉంటుంది.

అదే ఇన్వర్టర్ రకం రెండు కేవీఏ మిషన్ అయితే, లోడు తగ్గినప్పుడు వేగమూ తగ్గించుకుంటుంది. బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసేది గరిష్ఠం, ఎప్పుడూ ఇవ్వగలిగేది కాస్త తక్కువ. మోటారు మొదలయ్యే క్షణంలో మూడు నాలుగింతలు లాగుతుంది కాబట్టి ఆ మిగులూ చూసుకోవాలి. ఈ లెక్కల్లో నేను కొట్టుకుంటుంటే మా ఆవిడ, "ఫ్రీజరెందుకు? ఐసు దిమ్మ కొంటే పోదా?" అంది. ఫ్రీజర్ ఉన్నంతకాలం మిషన్ ఆపలేం మరి. వందరూపాయల ఐసు, థర్మాకోల్ పెట్టె. అంతే.

పెద్దది 28,000కి అమ్మి, చిన్నది 52,000 పెట్టి కొన్నాను. చేతి నుంచి 24,000. పెట్రోలు రెండున్నర లీటర్లకి దిగింది. ఐసు కలిపినా సంతకి నాలుగొందలు మిగులు, అరవై సంతలకి సొమ్ము తిరిగొచ్చింది. మధ్యలో ఓ వానాకాలం రెండు నెలలు ట్యాంకులో పెట్రోలు వదిలేశాను. కార్బురేటర్ జిగురు పట్టి 900 ఖర్చు. వానకి తడుస్తుందని మిషన్‌ను వ్యాన్‌లోకి లాగబోతే మెకానిక్ ఇంతెత్తున లేచాడు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇప్పుడది ఎప్పుడూ బయటే, తలుపుకి దూరంగా, రేకు గొడుగు కింద.

పెద్ద మిషన్ కొన్నది ఓ షామియానా సామాన్లాయన. ఎంత తాగుతుందో ముందే చెప్పేశాను. "పెళ్లికి లైట్లూ సౌండూ కలిపి మూడు వేల వాట్లండి, నాకు సరిపోద్ది" అని నవ్వుతూ ఆటో ఎక్కించుకుపోయాడు.